మేనకోడలిని భయపెట్టే పని

నా ఉద్యోగంలో నాకు రకరకాల ఆదేశాలు వచ్చాయి. గాలికుంటు టీకాలు వేయమన్నారు, పశువులను లెక్కపెట్టమన్నారు, ఒకసారి ఎవరో పెద్దమనిషి సభకు అందమైన ఆవును వెతికి తెమ్మన్నారు. ఏది చెప్పినా చేశాను. కానీ మా తమ్ముడు అప్పజెప్పిన పనిలాంటిది అంతకుముందు ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

“అక్కా, నా బిడ్డను జర భయపెట్టి పంపియ్యి,” అన్నాడు ఫోన్‌లో.

నేను పశువుల దవాఖానలో పనిచేసి రిటైరయ్యాను. కాగితాల మీద నా హోదా పేరు చాలాసార్లు మారింది గానీ, ఊళ్ళలో మాత్రం మొదటి నుంచి చివరిదాకా కాంపౌండరమ్మనే. డాక్టరు జబ్బు తేలుస్తాడు, మందు రాస్తాడు. సూది వేయడం, కట్టు కట్టడం, టీకాలకు ఊరూరా తిరగడం, అప్పుడప్పుడు తన్నులు తినడం మా వంతు. ఇప్పుడు జనగామలో ఉంటున్నాను. ఏటా పాలిటెక్నిక్ సీట్ల కాలం రాగానే తెలిసినవాళ్ళ పిల్లలు ఎవరో ఒకరు ఇంటికొస్తారు. “మేడం, పశువుల డాక్టరు దగ్గర పనిచేసే డిప్లొమా ఉన్నదట గదా, చేరమంటరా?” అని అడుగుతారు. నేను చేరమనీ అనను, వద్దనీ అనను. టీ పెట్టి, మా మేనకోడలి సంగతి చెబుతాను. మీరూ అదే అడగాలనుకుంటున్నట్టయితే ఇది మీకోసమే.

మా తమ్ముడిది భూపాలపల్లి. మేమిద్దరం పుట్టింది బచ్చన్నపేట దగ్గర మెట్టపొలాల ఊళ్ళోనే అయినా, వాడు పెళ్ళికి ముందే బొగ్గుగనిలో కుదిరాడు. అక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. డ్యూటీకి పోవడమంటే బాయిలో దిగడం. ఏళ్ళ తరబడి దిగి దిగి వాడి నడుము పాడైంది. పొద్దున మంచం మీద నుంచి లేవాలంటే ముందు పక్కకు తిరిగి, ఒక కాలు కిందపెట్టి, గోడ పట్టుకుని, అప్పుడు నిలబడేవాడు. ఇలాంటివాళ్ళకు కంపెనీలో ఒక దారి ఉంది. ఆరోగ్యం బాగాలేదని దరఖాస్తు పెట్టుకుని, డాక్టర్లు ఒప్పుకుంటే ఇంటికి పోవచ్చు. వాళ్ళ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. తమ్ముడికి ఒక్కతే కూతురు. ఆడపిల్ల కాబట్టి లోపలికి దిగే పని ఉండదు, పైనే ఏదో ఆఫీసులో వేస్తారు. జీతం వస్తుంది, ఉంటున్న క్వార్టరూ పోదు. మా మరదలు అప్పటికే కాలనీ అంతా చెప్పుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ పిల్లకు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది.

ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసిందట. ఇంట్లో గొడవ. పశువుల పని నీకేం తెలుసు, క్వార్టర్లలో పుట్టి క్వార్టర్లలో పెరిగినదానివి, ఎప్పుడన్నా బర్రె తోక పట్టుకున్నావా అని తల్లి. పట్టుకుంటేనే కదా తెలిసేది అని కూతురు. మధ్యలో తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. అప్పుడు నేను మరిపెడలో పనిచేస్తున్నాను. మా ఆయనా పిల్లలూ జనగామలో, నేను దవాఖాన వెనకాల వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని.

“సోమారం దాకనే టైమున్నది అక్కా, సీట్ల చేరుడుకు. గా లోపల నీ తానికి తోలుతున్న. నీ పని ఎట్లుంటదో అంత సూపియ్యి. బాగున్న సంగతులు సూపియ్యకు. మురికి పని, కష్టమైన పని, గవి సూపియ్యి. భయపడితే ఇప్పుడే భయపడాలె.”

“నువ్వే వద్దని చెప్పొచ్చు గదరా?”

“నేను చెప్తే ఇంటదా? నీ అసుంటిదే గదా.”

ఆ మాట నిజమే. నేను ఈ పనిలో చేరతానన్నప్పుడు మా నాయిన కూడా ఇలాగే తల పట్టుకున్నాడు. మొదటి పోస్టింగ్ బచ్చన్నపేట. చేరిన రోజు ఒక ముసలాయన ఎద్దును తోలుకొచ్చి, నన్ను కింది నుంచి పైదాకా చూసి, “ఆడపిల్ల చేతిల సూది ఏయించుకునే ఎద్దు గాదు నాది,” అని వెనక్కి తిప్పుకుపోయాడు. ఆ రోజు డాక్టరు రాలేదు. సాయంత్రం ఆయనే మళ్ళీ తోలుకొచ్చాడు. సూది వేశాను. ఎద్దు ఏమీ అనలేదు.

అలా ఆ వారం మా మేనకోడలు భూపాలపల్లి నుంచి బస్సులు మారి మరిపెడలో దిగింది. చేతిలో ఒక సంచి, కాళ్ళకు తెల్ల బూట్లు. ఆ బూట్లు చూసి నా పని సులువైపోయిందనుకున్నాను.

మొదటిరోజు పొద్దున్నే దవాఖానలో ఒక కోడెను తీసుకొచ్చారు. కొమ్ము మొదట్లో పుండు, పుండు నిండా పురుగులు. వాసనకు తీసుకొచ్చిన రైతే ముక్కుకు తువ్వాల కట్టుకున్నాడు. ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదని పిల్లను దగ్గరికి పిలిచాను. పట్టకారు నా చేతిలో ఉంది, పళ్ళెం దాని చేతికిచ్చాను. ఒక్కో పురుగునూ తీసి పళ్ళెంలో వేస్తుంటే వాంతి చేసుకుని ఉరుకుతుందేమోనని ఓరగా చూస్తున్నాను. అది కొంచెంసేపు ఊపిరి బిగబట్టింది. తర్వాత వంగి పళ్ళెంలోకి చూస్తూ అడిగింది.

“అత్తా, గివన్ని ఈగలే అయితయా?”

“అయితయి.”

“మరి తీయకపోతే కొమ్ము లోపలికెళ్ళి తలకాయల దాక పోతయా?”

“పోతయి.”

“అమ్మో! అయితే ఆ మూలకు ఇంకోటున్నది సూడు, తియ్యి.”

మా దవాఖానలో ఇంకో ఇద్దరుండేవారు. ఒకరు డాక్టరు. మా పెద్ద కొడుకు కంటే చిన్నవాడు, హైదరాబాదులో పెరిగినవాడు. ఇంకో దవాఖాన కూడా ఆయన నెత్తినే ఉండేది కాబట్టి సగం రోజులు అక్కడే. ఫోన్ చేస్తే మాత్రం మొదటి రింగుకే ఎత్తేవాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. రెండో మనిషి అటెండరు. మాట నెమ్మది, ప్రతి పశువుతోనూ వరసలు కలుపుతాడు. “రా చెల్లె, ఇటు తిరుగు చెల్లె,” అని పిలిస్తే మొండి బర్రెలు కూడా, వైద్యానికి పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రంలోకి నడిచొచ్చి నిలబడేవి. ఆయనకు ఈ పిల్ల వచ్చిన సంగతి తెలుసు గానీ ఎందుకు వచ్చిందో తెలియదు. అందుకే నా పథకం మొత్తం పాడుచేశాడు. నేను కష్టమైన పని చూపిస్తే, ఆయన దాన్ని సులువుగా చేసే ఉపాయం చూపించేవాడు.

మధ్యాహ్నం ఒక బర్రె చూలుతో ఉందో లేదో చూడాల్సి వచ్చింది. చేతికి పొడుగు తొడుగు వేసుకుని భుజందాకా లోపల పెట్టి తడిమి చూసే పని అది. పేడ మీద పడకుండా ఎవరికీ పూర్తికాదు. నాకూ కాలేదు. బయటికి వచ్చి చూస్తే పిల్ల నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని ఉంది. దాని తెల్ల బూట్లు అప్పటికే మరో రంగులోకి మారాయి.

“నీకు నవ్వొస్తున్నదా?”

“నిన్ను సూసి కాదత్తా, బర్రెను సూసి. నువ్వు గంత పరేషానయితుంటె అది నెమరేస్తనే ఉన్నది.”

అలా రెండు రోజులు గడిచాయి. మేక కాలికి కట్టు కట్టేటప్పుడు మేకను పట్టుకుంది. చీము తీసేటప్పుడు లైటు పట్టుకుంది. ఒక కుక్క కరవబోతే వెనక్కి దూకింది గానీ, మళ్ళీ ముందుకొచ్చింది. చివరికి అది భయపడింది ఒక్కదానికే. ఎవరో బుట్టలో ఒక పెద్ద కోడిపుంజును తెచ్చారు, కాలికి దెబ్బ. బుట్ట మూత తీయగానే పుంజు తల పైకెత్తి మా పిల్ల వైపు చూసింది. పిల్ల ఒక్క గెంతున స్టూలెక్కింది.

అటెండరు పగలబడి నవ్వాడు. “ఏంది బిడ్డా, గంత పెద్ద బర్రెకు భయపడవు గాని గీ కోడికి భయపడుతున్నవా?”

“బర్రె కండ్లు సూస్తే దానికి కోపమొచ్చిందో లేదో తెలుస్తది పెద్దనాయినా. దీని కండ్లు సూస్తే ఏం తెలుస్తలేదు!”

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, “కోళ్ళ ఫారం పెట్టిస్తె భయపడతది, బర్రెలకు భయపడేటట్టు లేదు,” అని చెప్పాను. వాడు నవ్వలేదు. “ఇంకా టైమున్నది అక్కా, సూడు,” అన్నాడు. వాడి గొంతులో నాకు అర్థంకానిదేదో ఉంది. మరదలి పోరు పడలేకపోతున్నాడేమో అనుకున్నాను.

ఆ మర్నాడు జరిగిందే అసలు సంగతి.

అంతకుముందు వారం మంచి వాన పడింది. తెల్లవారి దవాఖాన తలుపులు తీస్తుండగానే ఒక మనిషి మోటారుసైకిల్ మీద వచ్చి, స్టాండు కూడా వేయకుండా దాన్ని పడేసి ఉరికొచ్చాడు. దగ్గర ఊళ్ళో గొర్రెల మంద ఉన్నవాడు.

“అమ్మా, నాము మేసినయ్! మంద మంద పడిపోతున్నది!”

నాము అంటే మా వృత్తిలో అందరికీ గుండె దడే. జొన్న కోసేశాక మిగిలిన మోళ్ళకు వాన తగిలితే లేత పిలకలు వస్తాయి. చూడటానికి పచ్చగా నిగనిగలాడుతుంటాయి గానీ వాటిలో విషం ఉంటుంది. ఆకలిగా ఉన్న గొర్రె కొంచెం మేసినా చాలు, ఊపిరాడక కొట్టుకుని పడిపోతుంది. మందు ఉంది. వేళకు అందితే లేచి నడుస్తుంది, అందకపోతే లేదు.

డాక్టరు ఆ రోజు రెండో దవాఖానలో ఉన్నాడు. మందు సీసాలు, సూదులు, నీళ్ళలో కలిపి తాగించే పొడి, ఉన్నవన్నీ పెట్టెలో వేసుకున్నాను. నా స్కూటీ వెనక పిల్ల పెట్టె పట్టుకుని కూర్చుంది. అటెండరు ఆ గొర్రెలాయన వెనక ఎక్కాడు. దారి పొడుగునా పిల్ల ఒక చేత్తో నా భుజం గట్టిగా పట్టుకుంది.

మేం వెళ్ళేసరికి ఆయన భార్య ఒక్కతే గొర్రెలను చేలోంచి బయటికి తోలుతోంది. సగం మంద గట్టు మీద ఉంది. కొన్ని తూలుతున్నాయి, కొన్ని నోరు తెరిచి రొప్పుతున్నాయి. కొన్ని అప్పటికే పక్కకు పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. డాక్టరుకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి పిల్ల చేతికిచ్చాను. ఆయన ఎంత మోతాదు, ఎక్కడ వేయాలి, ఏది ముందు అన్నీ ఆపకుండా చెప్పాడు. తానూ బయలుదేరానన్నాడు. చివరికి ఒక మాటన్నాడు, “మేడం, మీ దగ్గర ఉన్న మందు మందకు సరిపోదు. కళ్ళు తేలేసినవాటి దగ్గర ఆగకండి. నిలబడి వణుకుతున్నవాటిని పట్టుకోండి.”

నేను మెడ నరానికి సూది వేస్తూ పోయాను. అటెండరు ఒక్కోదాన్నీ మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. వేసినదాన్ని మళ్ళీ వేయకుండా గొర్రెలాయన వీపు మీద ఎర్రమన్ను గుర్తు పెట్టాడు. ఇంకా బాగానే నడుస్తున్నవాటికి పొడి కలిపిన నీళ్ళు తాగించాలి. ఆ పని చేయడానికి ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు సీసాతో పోయాలి. ఒకదానికి పోసి పిల్లకు చూపించాను. “తల మరీ పైకెత్తకు. ఎత్తితే ఊపిరితిత్తులల్లకు పోతది. మింగినాక మళ్ళ పొయ్యి.” తల ఊపింది. పట్టుకోవడానికి గొర్రెలాయన భార్యను పిలుచుకొమ్మన్నాను.

రెండు గొర్రెలయ్యాక అది నన్ను పిలిచింది. “అత్తా, గా అక్క వస్తలేదు!”

తలెత్తి చూశాను. గొర్రెలాయన భార్య చేను గట్టు పక్కన కూలబడి ఉంది. ఒడిలో ఒక గొర్రె తల. పెద్ద గొర్రె, మందకు ముందు నడిచేది అయ్యుంటుంది, మెడలో గంట ఉంది. కళ్ళు తేలేసింది. ఆమె నా వైపు చేతులు చాచి, “అమ్మా, ముందుగల్ల దీనికి ఎయ్యి, దండం పెడత, దీనికి ఎయ్యి,” అని ఏడుస్తోంది.

“ఆమెను ఇడిసిపెట్టు,” అన్నాను పిల్లతో, “ఇంకెవరినన్నా పిలువు.” పిలవడానికి అక్కడ ఇంకెవరున్నారు? నా చేతిలో ఒక గొర్రె ఉంది, సూది సగం లోపల ఉంది. నేను కదలలేను.

పిల్ల సీసా పట్టుకుని ఆమె దగ్గరికి నడిచింది. ఎదురుగా కింద కూర్చుంది. నేనైతే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. చూద్దాం అక్కా, ఏం కాదు అక్కా అనేదాన్ని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు వాడిన మందు ఆ మాటే. ఈ పిల్ల ఆ మాట అనలేదు.

“అక్కా, గిది బతకదు,” అంది. మాట స్పష్టంగా వినపడింది. “నువ్వు గిక్కడనే కూసుంటె మిగిలినయి కూడ పోతయి. నాకు పట్టుకునుడు చేతనైతలేదు. నువ్వు పడితె నేను పోస్త. లెవ్వు.”

ఆమె పిల్ల మొహంలోకి చూసింది. “నీ నోట్ల మన్ను వడ!” అని అరిచింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. ఒడిలో తలను మెల్లగా కింద పెట్టి, కొంగు నడుముకు చుట్టి లేచింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆగలేదు. ఆమె గొర్రెను ఒడిసి పడుతోంది, ఈ పిల్ల పోస్తోంది, ఆమె వదులుతోంది, ఇంకోదాన్ని పడుతోంది. ఆమె పిల్లను తిడుతూనే ఉంది. పిల్ల “ఆఁ అక్కా, ఆఁ అక్కా,” అంటూనే ఉంది.

డాక్టరు ఇంకొన్ని సీసాలతో వచ్చేసరికి గండం గడిచింది. కొన్ని పోయాయి. గంట ఉన్న గొర్రె కూడా పోయింది. కానీ మంద మంద పోవాల్సింది, మంద మిగిలింది. ఎర్ర గుర్తులున్న గొర్రెలు ఒక్కొక్కటీ లేచి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఆ పచ్చ పిలకల వైపే తలలు తిప్పుతుంటే గొర్రెలాయన కర్ర పట్టుకుని అడ్డం ఉరికాడు. అందరం నవ్వాం. ఏడుస్తూనే ఆయనా నవ్వాడు.

బోరు మోటారు దగ్గర చేతులు కడుక్కుంటుంటే గొర్రెలాయన భార్య వచ్చి పిల్ల పక్కన నిలబడింది. “ఎవల పిల్లవే నువ్వు?” అంది.

“భూపాలపల్లి అక్కా. మా బాపు బాయిల పనిచేస్తడు.”

“గందుకే,” అంది ఆమె. ఎందుకో చెప్పలేదు. దోసిట్లో నీళ్ళు పట్టి పిల్ల మొహం మీద అంటిన బురద తానే కడిగింది.

డాక్టరు నాతో, “మేడం, మీ మేనకోడలిని ఆ కాలేజీకి పంపించకపోతే నేనే వచ్చి మీ తమ్ముడిగారితో మాట్లాడతాను,” అన్నాడు. తిరిగి వస్తుంటే నాకు మహా గర్వంగా ఉంది. భయపెట్టమని పంపిన మనిషిని నేను, ఇప్పుడు ఆ తమ్ముడితోనే పోట్లాడటానికి మాటలు కూడబెట్టుకుంటున్నాను. ఏమంటే వాడు ఒప్పుకుంటాడు, మరదలికి ఎలా నచ్చజెప్పాలి అని. దవాఖాన ముందు స్కూటీ ఆపగానే పిల్ల దిగి, పెట్టె నా చేతికిచ్చి అంది.

“అత్తా, నేను చేరుతలేను. బాయి నౌకరే చేస్త.”

నేను నమ్మలేదు. చనిపోయిన గొర్రెలను చూసి మనసు చెదిరిందనుకున్నాను. గదికి తీసుకెళ్ళి అన్నం పెట్టి, మెల్లగా మొదలుపెట్టాను. అందరికీ మొదట ఇలాగే ఉంటుంది, నాకూ ఉండేది, తర్వాత అలవాటవుతుంది అని. అది అన్నం కలుపుతూ కూర్చుంది గానీ తినడం లేదు.

“గది కాదత్తా. పోయిన గొర్లకు నాకూ బాధయింది. గాని మిగిలినయి సూసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో నీకు తెల్వదు. గిసుంటి పని నేను ఎన్నడు చెయ్యలే.”

“మరింకేంది?”

“నేను సదువుకుంటె బాపు ఇంకో రెండేండ్లు బాయిల దిగాలె. ఇప్పుడు నౌకరి నేను తీసుకోకపోతె దరఖాస్తు పెట్టుకుని ఏం లాభం? ఇల్లు గడవాలె, క్వార్టరు ఉండాలె. దిగక తప్పదు. పొద్దున మంచంలకెళ్ళి ఎట్ల లేస్తడో నువ్వు సూసినవా? నేను దినాం సూస్త.” కలిపిన అన్నాన్ని పక్కకు జరిపి అంది. “పరీక్ష రాసేటప్పుడు గిది ఆలోచన చెయ్యలే. సీటొస్తదనుకోలే. ఇక్కడికొచ్చి, నువ్వు భయపెడితె భయపడి వాపసు పోదామనుకున్న. అప్పుడు ఎవల తప్పు ఉండదు గద. నాకు భయమే అయితలేదు!”

అప్పటిదాకా నేను ఒక్కదాన్నే నాటకం ఆడుతున్నాననుకున్నాను. ఆ పిల్లా తన వంతు ఆడుతోందన్నమాట.

ఆదివారం పొద్దున తమ్ముడు వచ్చాడు, కూతురిని తీసుకుపోవడానికి. బస్సుల్లో అంతదూరం కూర్చుని వచ్చి నడుము పట్టేసింది. గదిలో కుర్చీ ఉన్నా గోడకు ఆనుకునే నిలబడ్డాడు. టీ తాగుతూ అడిగాడు, “ఏమైంది? భయపడ్డదా?”

నేను నోరు తెరిచేలోపు పిల్లే చెప్పింది. “భయపడ్డ బాపు. నాతోని కాదు. బాయి నౌకరే చేస్త.”

తమ్ముడు గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. “నిజమేనా అక్కా?”

నాకు పెద్ద చిక్కు. పిల్ల కళ్ళతో బతిమాలుతోంది. కానీ వాడు నా తమ్ముడు, చిన్నప్పటి నుంచి వాడి మొహం చూస్తూ నేను అబద్ధం చెప్పి గెలిచింది లేదు. గొర్రెల సంగతి మొత్తం చెప్పాను. గొర్రెలాయన భార్య ఎదురుగా కూర్చుని పిల్ల ఏమందో, ఆమె ఏమని తిట్టిందో, ఎలా లేచి వచ్చిందో అంతా చెప్పాను. తమ్ముడు అంతా విన్నాక కూతురిని చూసి, “గట్లన్నవా నువ్వు?” అన్నాడు.

“ఊఁ.”

వాడు మెల్లగా కిందికి జారి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అక్కా, నేను భయపెట్టుమన్నది ఇది ఇంటికి రావాల్నని కాదు. ఇది భయపడేదే ఉంటె ఇప్పుడే భయపడాలె. నేను రెండేండ్లు దిగినంక, సదువు నడుమల ఇది భయపడి వాపసొస్తె నేను దిగిన దిగుడంత ఏమైతది? గది తెలుసుకుందామని తోలిన. నేను దిగుడుకు ఎప్పుడో తయారుగున్న.”

“నీ నడుము?” అంది పిల్ల. ఆ మాట అరుపులా వచ్చింది.

“నా నడుము సంగతి నాకు తెలుసు.”

“నీకేం తెల్వదు! నొప్పి లేదంటవు, గోడ పట్టుకుని లేస్తవు. పైన పని ఇయ్యమని అడుగు. అడిగితె ఇస్తరని అందరంటున్నరు. నువ్వే అడుగుతలేవు.”

“అడుగుత తియ్యి.”

“ఎప్పుడు?”

“పోయినంక అడుగుత.”

“అడగవు. నాకు తెలుసు. ఇప్పుడు అడుగు. మీ యూనియన్ల ఉన్నడు గద పెద్దమనిషి, ఆయనకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. నువ్వు చేస్తె నేను చేరుత. చెయ్యకపోతె రేపు ఆ కాలేజి మొఖం సూడ.”

బాయిలో తన కింద మనుషులను పెట్టుకుని పనిచేయించినవాడు మా తమ్ముడు. ఒకరిని ఏదైనా అడగడమంటే వాడికి ప్రాణం పోయినట్టు. నా వైపు చూశాడు, నేను తల తిప్పుకున్నాను. జేబులోంచి ఫోన్ తీశాడు. కూతురు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. “అన్నా, నమస్తే... ఏం లేదన్నా... జర నడుము బాగుంటలేదు...” ఆ ఒక్క మాట అనడానికి వాడు పడ్డ అవస్థ చూస్తే, గొర్రెలకు మందు తాగించడం చాలా నయమనిపించింది.

సోమవారం తండ్రీకూతుళ్ళు కలిసి కాలేజీకి పోయారు. మా మరదలు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నా చీర బాగుందని నాతో కాక పక్కవాళ్ళతో చెప్పేది. పైన పని వెంటనే దొరకలేదు. ఆ వానాకాలమంతా, చలికాలం కొంత తమ్ముడు దిగుతూనే ఉన్నాడు. తర్వాత, లోపలికి దిగేవాళ్ళకు దీపాలిచ్చి తీసుకునే గదిలో వేశారు. కూర్చుని చేసే పని. అక్కడి నుంచే రిటైరయ్యాడు. మళ్ళీ దరఖాస్తు మాట ఎత్తనే లేదు.

పిల్ల డిప్లొమా పూర్తిచేసింది. మీకు నిజం చెప్పాలి కదా, సర్కారు నౌకరి ఇంతవరకు రాలేదు. చదువు అయిపోగానే కొంతకాలం ఖాళీగానే ఉంది. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే దాని గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. అదే అప్పుడు ఆ ఆఫీసు నౌకరి తీసుకుని ఉంటే అని నాకూ ఒకటి రెండుసార్లు అనిపించింది. దానికి అనిపించిందో లేదో అడగలేదు. తర్వాత భూపాలపల్లి వైపు ఊళ్ళకు తిరిగే పశువుల అంబులెన్సులో పని దొరికింది. ఒక డాక్టరు, ఒక డ్రైవరు, ఇది. అడవి అంచు ఊళ్ళు, వానాకాలం దారులు. ఎండకు నల్లబడింది, ఎడమచేతి వేలు ఒకటి ఎద్దు తొక్కి వంకరపోయింది. అయినా పని మానుతానని ఒక్కసారీ అనలేదు. మీరు చేరాలో వద్దో దీన్నిబట్టి మీరే తేల్చుకోండి. నాకు తెలిసింది ఒక్కటే. పేడ, చీము, వాసన, వీటికి మనిషి తొందరగానే అలవాటుపడతాడు. చావుబతుకుల్లో ఉన్న పశువు పక్కన కూర్చున్న మనిషితో ఏం మాట్లాడాలన్నది మాత్రం నాకు రిటైరయ్యేదాకా పూర్తిగా రాలేదు. అది కొందరికి మొదటి వారంలోనే వస్తుంది.

ఈమధ్య ఒకరోజు తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ రోజు పిల్ల బండి వాళ్ళ ఇంటి దగ్గరి ఊరికి పోతుంటే, ఖాళీగానే ఉన్నాను కదా అని వెంట పోయాడట. అక్కడ ఒక కోడెకు సూది వేయాలి, పట్టుకోవడానికి మనుషులు చాలలేదు. తాడు తండ్రి చేతికిచ్చిందట.

“అక్కా, గంతమంది ముందట నన్ను తిట్టిందే! తాడు సక్కగ పడతలేనట. చేతగాకపోతె అవతలికి జరగుమన్నది.”

“మరి నువ్వేం చేసినవ్‌రా?”

“ఏం చేస్త? జరిగిన,” అని ఎంతసేపు నవ్వాడంటే, నాకు చెవి నొప్పి పుట్టి ఫోన్ రెండో చెవికి మార్చుకోవాల్సి వచ్చింది.